బియ్యం గోడౌనులో నడుం నొప్పి: పన్నెండు వారాల పని డైరీ

చోటు: బెంగళూరు, యశ్వంత్‌పూర్ యార్డుకు దగ్గర్లో ఒక బియ్యం హోల్‌సేల్ గోడౌను. తొమ్మిది మంది హమాలీలు, బిల్లు బల్ల దగ్గర ఇద్దరు. కర్నూలు, అనంతపురం, పాలమూరు వైపు వాళ్ళే ఎక్కువ. పదకొండు మందిలో ఆరుగురికి నడుం నొప్పి ఉంది, ఇద్దరికి కాలిలోకి గుంజుతోంది. నొప్పి తగ్గించే మా పని రెండు వైపులా సాగాలి: గోడౌనులో ఎత్తులు మార్చడం ఒకటి, నడుముకు బరువు మోసే సత్తా మెల్లగా తిరిగి తేవడం రెండోది. ఒకటి వదిలేసి రెండోది చేస్తే నొప్పి నెల తిరక్కుండా మళ్ళీ వస్తుంది.

1వ వారం: టేపుతో కొలతలు

ఇక్కడ పెద్ద బస్తా 26 కిలోలు. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగు బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది. అప్పటినుంచి మిల్లర్లు 26 కిలోలు నింపడం మొదలుపెట్టారు. ఆ ఒక్క కిలో వల్ల నడుముకు వచ్చిన నష్టం పెద్దదేమీ కాదు. బస్తా ఎంత బరువుందన్నదాని కంటే, ఎత్తేటప్పుడు అది ఒంటికి ఎంత దూరంలో, నేలకు ఎంత ఎత్తులో ఉందన్నదే అసలు లెక్క.

ఆ లెక్క కట్టడానికి అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం వాడాం. అన్నీ అనుకూలంగా ఉంటే 23 కిలోల దగ్గర మొదలై, ప్రతి ఇబ్బందికీ కొంత కోత పడుతుంది. నేల మీద పడుకోబెట్టిన బస్తాను 110 సెం.మీ. ఎత్తున్న నెట్టు (పేర్చిన బస్తాల వరస) మీదికి ఎత్తినప్పుడు వచ్చిన కొలతలు ఇవి. చీలమండల నుంచి చేతులకు అడ్డదూరం 45 సెం.మీ., కాబట్టి 25ను 45తో భాగిస్తే 0.56. చేతులు నేలకు 10 సెం.మీ. ఎత్తులో ఉన్నాయి. అనువైన ఎత్తు 75. ఆ 65 సెం.మీ. తేడాకు 0.805. ఎత్తాల్సిన దూరం 100 సెం.మీ., దానికి 0.865. గంటసేపు, నిమిషానికి ఒక బస్తా చొప్పున పని: 0.94. పట్టు దొరకని సంచి: 0.90. అన్నీ గుణిస్తే ఏడున్నర కిలోలు తేలింది. ఎత్తుతున్నది 26. అంటే సిఫారసు చేసిన బరువుకు దాదాపు మూడున్నర రెట్లు. నడుం తిప్పుతూ పక్కకు 45 డిగ్రీలు మళ్ళి పెడితే అది నాలుగు రెట్లకు చేరుతోంది.

పట్టు గురించి ఒక మాట. పాత గోనె సంచికి గరుకుదనం ఉండేది, కొక్కెం వేసేవాళ్ళు. ఇప్పటి ప్లాస్టిక్ నేత సంచి జారుతుంది, కొక్కెం వేస్తే చిరుగుతుంది. అందుకని వేళ్ళతో మూలలు పిండి పట్టుకుంటారు. పట్టు చాలక బస్తాను తొడల మీదికి విసురుతారు. ఆ విసురు దగ్గరే నడుం పట్టేస్తోంది.

దూరం ఎందుకంత ముఖ్యమో హమాలీలకు చెప్పడానికి కాటా బద్దే వాడాం. వెన్నెముకను నిటారుగా నిలబెట్టే కండరాలు డిస్కుకు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తకు) సుమారు 5 సెం.మీ. వెనక ఉంటాయి. బస్తా 40 సెం.మీ. ముందు వేలాడుతుంది. బద్దకు ఒక పక్క పొడుగు, ఇంకో పక్క పొట్టి. కాబట్టి 26 కిలోలను ఆపడానికి ఆ కండరం రెండు వందల కిలోల పైచిలుకు బలంతో లాగాలి. వంగిన ఒంటి బరువు దీనికి అదనం. ఆ లాగుడంతా కింది డిస్కుల మీద నొక్కుడుగా పడుతుంది. బస్తాను పొట్టకు ఆనించుకుంటే లెక్క సగానికి దిగుతుంది. కాటా ముందే పుట్టి పెరిగినవాళ్ళు, ఇంకోసారి చెప్పాల్సిన పని పడలేదు.

2వ వారం: ఎవరికి ఏ నొప్పి

వ్యాయామం మొదలుపెట్టే ముందు వేరు చేయాల్సినవాళ్ళను వేరు చేయాలి. అడిగిన ప్రశ్నలు: మూత్రం ఆగిపోవడం గానీ తెలియకుండా పోవడం గానీ ఉందా, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారిందా, రెండు కాళ్ళూ బలం తగ్గుతున్నాయా? వీటిలో ఒక్కటి ఉన్నా ఆ రోజే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి. నడుము కింది నరాల కట్ట నలిగిపోతున్న లక్షణాలవి, గంటలు కూడా విలువైనవే. తర్వాత అడిగినవి: సాయంత్రం జ్వరం, తగ్గుతున్న బరువు, పడుకున్నా వదలని రాత్రి నొప్పి, ఎప్పుడైనా కేన్సర్, ఎక్కువకాలం స్టెరాయిడ్ మాత్రలు, పైనుంచి పడడం.

సాయంత్రం జ్వరం, రాత్రి నొప్పి, బరువు తగ్గడం మూడూ ఒకే మనిషిలో కనిపించాయి. నడుము మధ్య ఎముక మీద వేలితో తడితే ఉలిక్కిపడ్డాడు. అతన్ని ఈ ప్రాజెక్టులోంచి తప్పించి డాక్టరుకు చూపించాం. మన దేశంలో వెన్నెముక క్షయను మరిచిపోకూడదు. ఎముక చాలా భాగం తినేశాక గానీ ఎక్స్‌రేలో తెలియదు కాబట్టి తొలిరోజుల్లో ఎక్స్‌రే బాగుందంటే సరిపోదు, ఎంఆర్ఐ కావాలి. క్షయ అని తేలితే ప్రభుత్వ వైద్యంలో మందులు ఉచితం. కాకపోతే ఊపిరితిత్తుల క్షయకు ఆరు నెలలైతే వెన్నెముకకు ఏడాదికి తగ్గకుండా వాడాలి. నొప్పి తగ్గిందని నాలుగో నెలలో మానేయడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు.

కాలు గుంజే ఇద్దరినీ బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలెత్తాం. 30 నుంచి 70 డిగ్రీల మధ్య, మోకాలు దాటి కిందిదాకా అదే గుంజుడు వస్తే నరం మూలం చికాకు పడుతోందని అనుమానించాలి. తొడ వెనక బిగుతు మాత్రమే ఉంటే అది కండరం. ఒకతనికి 40 దగ్గరే కాలి బొటనవేలి దాకా పాకింది. మడమల మీద నడవమంటే ఆ పాదం ముందు భాగం కొద్దిగా వాలుతోంది. అంటే ఐదో నడుం నరం, ఎక్కువగా ఎల్4–ఎల్5 డిస్కు (నడుములో నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్యది). మునివేళ్ళ మీద నిలబడలేకపోతే కింది నరం, ఎస్1. పాదం బలాన్ని ప్రతి సోమవారం మళ్ళీ చూడాలని పుస్తకంలో రాసుకున్నాం. నొప్పి తగ్గుతూ బలం కూడా తగ్గుతుంటే అది మంచి సూచన కాదు. అలాంటప్పుడు సర్జనుకు చూపించడం ఆలస్యం చేయకూడదు.

2వ వారం, శనివారం: 'గ్యాప్' మాట

మేస్త్రి పాత ఎంఆర్ఐ కవరు పట్టుకొచ్చాడు. “నడుములో గ్యాప్ వచ్చిందంట సార్. బరువు ముట్టుకుంటే కాళ్ళు పడిపోతాయన్నారు.”

“గ్యాప్ రావడం కాదన్నా. ఎముకల మధ్య ఉన్న ఎడమే కాస్త తగ్గింది. నలభై దాటినవాళ్ళకు నెత్తిన తెల్లవెంట్రుక వచ్చినట్టే ఇది కూడా.”

అతను నమ్మలేదు, నమ్మకపోవడం న్యాయమే. రెండేళ్ళుగా ఆ ఒక్క మాట భయంతో వంగడం మానేశాడు, చెప్పుల పట్టీ కూడా కొడుకు చేత పెట్టించుకుంటున్నాడు. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష సంగతి విడమర్చి చెప్పాం. నొప్పి అన్నదే లేని మనుషులకు స్కాన్ తీస్తే, నలభై ఏళ్ళవాళ్ళలో సగం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది, ఇరవై ఏళ్ళవాళ్ళలోనూ 30 శాతం మందికి ఉంది. స్కాన్ అబద్ధమని కాదు. స్కాన్‌లో కనిపించినదీ, మనిషి చెప్పే నొప్పీ, కాలెత్తితే తేలిన నరమూ ఒకేచోట కలిస్తేనే దానికి అర్థం. ఇంకో మంచి సంగతి కూడా ఉంది: బయటికి పొడుచుకొచ్చిన డిస్కు ముక్కను ఒళ్ళే కరిగించుకుంటుంది. పెద్దగా బయటపడ్డ ముక్కలు చిన్నవాటి కంటే ఎక్కువగా కరుగుతాయి. కాలి గుంజుడు చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో నెమ్మదిస్తుంది.

3వ వారం: ప్యాలెట్లు

వంగి ఎత్తడం ఎలాగో క్లాసు చెప్పి ఊరుకుంటే నడుం నొప్పులు తగ్గవు, దీని మీద జరిగిన పరీక్షలు ఎక్కువగా అదే చెబుతున్నాయి. వస్తువు ఎత్తు మార్చాలి. వెనక షెడ్డులో సరుకు పేర్చే ఖాళీ చెక్క ప్యాలెట్లు పడి ఉన్నాయి, 1200 × 1000 మి.మీ. సైజువి, ఒక్కోటి దాదాపు 14.5 సెం.మీ. మందం. నాలుగు పేర్చితే 58 సెం.మీ., దాని మీద పడుకున్న బస్తాను పట్టుకుంటే చేతులు 75 దగ్గరికి వస్తాయి. విడి అమ్మకానికి రోజూ తీసే బస్తాలన్నీ ఈ అరుగుల మీదికి మార్చాం. నేలకు దగ్గరున్న వరసలు నెలకోసారి కదిలే సరుకుకు వదిలేశాం.

కొత్త లెక్క: బస్తాను అంచుకు జరిపి, ఒంటికి ఆనించి ఎత్తితే అడ్డదూరం 30 సెం.మీ., 0.83. ఎత్తుకు కోత దాదాపు లేదు. ఎత్తాల్సిన దూరం 35 సెం.మీ. మాత్రమే, 0.95. మిగతావి పాతవే. 15 కిలోల పైన తేలింది. మూడున్నర రెట్లు కాస్తా 1.7 అయింది. ఇంకా ఒకటి పైనే ఉంది కాబట్టి, దూరం మోసుకెళ్ళేది తోపుడు ట్రాలీ మీద, ఎత్తేది మాత్రమే చేత్తో అని ఒప్పుకున్నారు.

3వ వారం చివర: తప్పినవి

పేర్చిన ప్యాలెట్లు బస్తా లాగేటప్పుడు ఒకదాని మీద ఒకటి జారాయి. నాలుగు మూలలా చెక్క దిమ్మెలు నిలువునా పెట్టి మేకులు కొట్టాం, ఇప్పుడు కదలడం లేదు. పలకల మధ్య సందులో సంచి మూల ఇరుక్కుని చిరుగుతోంది. పైన 9 మి.మీ. ప్లైవుడ్ పరిచాం. దాంతో బస్తా తేలిగ్గా జారుతోంది, లాగే శ్రమ కూడా తగ్గింది. ట్రాలీకి గడప దగ్గర 4 సెం.మీ. మెట్టు అడ్డం. దాన్ని ఎక్కించడానికి వెనక్కి వంగి గుంజుతున్నారు, అది ఎత్తడం కంటే చెడ్డది. 32 సెం.మీ. పొడవున సిమెంటు వాలు పోయించాం. చిన్న గట్టి రబ్బరు చక్రాలు తీసేసి పది అంగుళాల గాలి చక్రాలు వేయించాక ట్రాలీని ఒక చేత్తో నడుపుతున్నారు.

బిల్లు బల్ల దగ్గర పెద్ద పని లేదు. ప్లాస్టిక్ స్టూలు తీసేసి వీపుకు ఆనుకునే కుర్చీ, పాదాలు నేలకు ఆనే ఎత్తు. అరగంటకోసారి లేచి కాటా దాకా నడిచి రావడం. ఏ కుర్చీ అయినా గంటల తరబడి కదలకుండా కూర్చుంటే నడుముకు పడదు.

4వ వారం: నొప్పిని దించడం

మంచం పట్టించడం లేదు. పడకలో ఉంచితే నడుం నొప్పి త్వరగా తగ్గదు, కండరం కరుగుతుంది, భయం ముదురుతుంది. మరీ పట్టేసిన మొదటి ఒకటి రెండు రోజులు వేడి కాపడం, పొట్టి నడకలు చాలు. నొప్పి మాత్రల విషయంలో ఈ గోడౌనులో పరిస్థితి బాధాకరం: మందుల షాపులో మాత్రల పొట్లం కట్టించుకుని పరగడుపునే మింగి, పది రోజుల పాటు అలాగే బస్తాలు మోస్తున్నారు. వాపు తగ్గించే మాత్రలు కొద్దిరోజులకే, అన్నం తిన్నాకే, డాక్టరు చెబితేనే. కడుపు పుండు, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు అవి హాని చేస్తాయి. ఉత్త పారాసెటమాల్ కొత్త నడుం నొప్పిని త్వరగా తగ్గించలేదని 2014లో ఆస్ట్రేలియా పరీక్షలో తేలింది. కాలు గుంజుడుకు విరివిగా రాసే ప్రెగాబాలిన్ కూడా 2017 పరీక్షలో మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మేలు చేయలేదు.

ఎవరికి ఏ వైపు వంగితే హాయో చూశాం. బోర్లా పడుకుని, నడుం వదులుగా ఉంచి, చేతులతో ఛాతీ పైకెత్తడం పదిసార్లు. కాలి గుంజుడు పిక్క నుంచి తొడలోకి, తొడ నుంచి నడుములోకి వెనక్కి వస్తే, నడుములో కాస్త ఎక్కువైనా సరే, అదే దారి. రెండు మూడు గంటలకోసారి పదేసి. గుంజుడు ఇంకా కిందికి పాకితే ఆపేయాలి. అరవై దాటిన ఒకాయనకు దీనితో ఎక్కువైంది. నడిస్తే కాళ్ళు బరువెక్కి, కూర్చుంటే తగ్గుతుంది ఆయనకు. అది నరాల దారి ఇరుకైన లక్షణం. ఆయనకు మోకాళ్ళు ఛాతీకి దగ్గరగా లాక్కోవడం, ముందుకు వంగి కూర్చోవడం పడింది. అందరికీ ఒకే ఆసనం అచ్చువేసి ఇచ్చే కాగితాలు అందుకే పనికిరావు.

5వ వారం: తెల్లవారుజాము

పగలు పెద్ద లారీలకు నగరంలో ఆంక్షలుండడంతో రాయచూరు, సింధనూరు వైపు సరుకు రాత్రే వస్తుంది. ఐదింటికి దించడం మొదలు. ఇక్కడే చిక్కు. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, లేచేసరికి మనిషి సెంటీమీటరు పైన పొడుగవుతాడు. ఆ ఉబ్బిన డిస్కు వంపులో గట్టిగా ఉంటుంది, వంగితే దానిమీద ఒత్తిడి ఎక్కువ. మొదటి గంటలోనే ఆ నీరు దాదాపు సగం దిగిపోతుంది.

అందుకని పనివరస మార్చాం. లేచాక మొదటి అరగంట టీ, తాడ్పత్రి విప్పడం, ట్రాలీలు బయటికి తేవడం, నిలబడి చేసే పనులు. లారీ బల్ల ఎత్తులో ఉన్న బస్తాను వీపుకు ఎత్తుకోవడం తేలికే, దించేటప్పుడే నేలదాకా వంగుతున్నారు. ముందు అరుగుల మీద నింపి, కింది వరసలు ఆఖర్న. మేస్త్రి దీన్ని మొదటిరోజే ఒప్పుకున్నాడు, పొద్దున్నే నడుం కొయ్యలా ఉంటుందని తనకెప్పటినుంచో తెలుసు.

6వ, 7వ వారాలు: బియ్యం ప్యాకెట్లే డంబెల్స్

నొప్పి పదికి మూడు నాలుగుకు దిగినవాళ్ళతో బరువులు. కొనాల్సిందేమీ లేదు, షాపులో 5, 10, 26 కిలోల ప్యాకెట్లు ఉన్నాయి.

ముందు బరువు లేకుండా తుంటి దగ్గర మడత. బూజు కర్రను వీపున నిలువుగా పట్టుకోవాలి. అది తల వెనక, భుజం రెక్కల మధ్య, పిరుదుల మధ్య ఎముకకు తాకాలి. వంగుతున్నంతసేపూ మూడుచోట్లా వదలకూడదు. దాదాపు అందరూ మోకాళ్ళు ముందుకు తోస్తున్నారు. గోడకు అర అడుగు ముందు నిలబెట్టి పిరుదులతో గోడ తాకమంటే రెండు నిమిషాల్లో పట్టుకున్నారు. నోటితో చెప్పిన ఏ వివరణా ఇంత పని చేయలేదు.

తర్వాత 5 కిలోలు, ఎనిమిదేసి చొప్పున మూడు సార్లు, వారానికి రెండు రోజులు, మధ్య కనీసం 48 గంటలు. ఆ పైన 10, తర్వాత 10కి 5 కట్టి 15, రెండు పదులు కలిపి 20, చివరికి 26. మెట్టు ఎక్కడానికి ఒకే నియమం: చేస్తున్నప్పుడు నొప్పి నాలుగు దాటకూడదు, మర్నాడు పొద్దున మామూలు కంటే బిగుతు ఎక్కువుండకూడదు. ఎక్కువుంటే ఒక మెట్టు దిగాలి, మానేయకూడదు. ఏడో వారంలో ఒక కుర్రాడు 10 నుంచి ఒకేసారి 26 ఎత్తాడు, మూడు రోజులు వంగలేకపోయాడు. అతనికి డిస్కు జారలేదు, మోతాదు మించింది. 5 నుంచి మళ్ళీ మొదలుపెట్టి వారంలో 10కి వచ్చాడు.

వీటి మధ్యలో నాలుగు కాళ్ళ మీద ఉండి ఎదురెదురు చేయి–కాలు చాచడం, పక్కకు మోచేతి మీద లేవడం, పది సెకన్ల చొప్పున. ఎక్కువసేపు బిగబట్టడం కంటే ఎక్కువసార్లు చేయడం మంచిది, ఊపిరి మాత్రం బిగబట్టకూడదు.

9వ వారం: పరీక్ష

వీపు కండరాల ఓపిక చూడడానికి సోరెన్సన్ పరీక్ష. బల్లకు బదులు నాలుగు వరసల బస్తాలు పేర్చి, తుంటి ఎముక అంచు దాకా బోర్లా పడుకోబెట్టి, పిక్కల మీద ఒకరు కూర్చుంటే, పై ఒళ్ళు గాల్లో నేలకు సమాంతరంగా ఎంతసేపు ఆపగలరో చూడాలి. 240 సెకన్లకు ఆపేయాలి. బస్తా అంచు తుంటిని నొక్కి కొందరు ముందే దిగిపోయారు. గోనె నాలుగు మడతలేసి పరిచాక కొలత నమ్మదగ్గదయింది. బరువులు మోసేవాళ్ళు గెలుస్తారనుకుంటాం గానీ, కొందరు నిమిషం కూడా ఆగలేదు. మోసేటప్పుడు కాళ్ళూ భుజాలూ పనిచేస్తాయి, వీపు కండరం విసురుతో గట్టెక్కుతుంది. నిలకడగా ఆపే అలవాటు దానికి లేదు.

నడుం బెల్టు తీసేయాలా అని అడిగారు. నొప్పి లేనివాళ్ళకు బెల్టు గాయాన్ని ఆపుతుందని రుజువు కాలేదు. తువ్వాలు బిగించి కట్టుకోవడం ధైర్యమిస్తే కట్టుకోవచ్చు. బెల్టు ఉంది కదా అని ఎక్కువ ఎత్తడమే తప్పు.

12వ వారం

కొలిచింది స్కాన్ కాదు, పని. ప్రతి ఒక్కరూ తమకు కష్టమైన మూడు పనులు మొదటివారంలో చెప్పి, పదికి మార్కు వేశారు. రెండు మార్కులు పెరిగితేనే నిజమైన మార్పుగా తీసుకున్నాం. మేస్త్రి చెప్పిన మూడు: చెప్పు తొడుక్కోవడం, కింది వరస బస్తా తీయడం, ఊరి బస్సులో కూర్చోవడం. మొదటి దానికి 2 నుంచి 9, రెండో దానికి 3 నుంచి 7, బస్సు ప్రయాణం 4 నుంచి 5. బస్సు ఇంకా మిగిలింది. గంటకోసారి లేచి నిలబడమని, నడుం వెనక చుట్టిన తువ్వాలు పెట్టుకోమని చెప్పాం.

పాదం వాలిన అతనికి బలం తిరిగొచ్చింది, మడమల మీద గోడౌను ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడిచాడు. కాలెత్తితే ఇప్పుడు 70 దాటాకే బిగుస్తోంది. అయినా అతన్ని 15 కిలోల దగ్గరే ఉంచాం, ఇంకో నాలుగు వారాలు.

నొప్పి తగ్గినవాళ్ళకు మిగిలింది నడక. నడుం నొప్పి తగ్గాక వారానికి ఐదు రోజులు, అరగంట దాకా పెంచుతూ నడిచినవాళ్ళలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టిందనీ, నడవనివాళ్ళకు 112 రోజులేననీ 2024లో లాన్సెట్‌లో వచ్చిన ఆస్ట్రేలియా పరీక్ష చూపింది. రోజంతా తిరిగేవాళ్ళకు మళ్ళీ నడకేమిటని అడిగారు. బరువుతో పది అడుగులు వేయడం వేరు, చేతులూపుతూ ఆగకుండా అరగంట నడవడం వేరు. యార్డు రోడ్డు మీద సాయంత్రం ఆరు తర్వాత రద్దీ తగ్గుతుంది, నలుగురు ఆ సమయానికి కుదుర్చుకున్నారు.

మిగిలిన పని: రెండో గదిలో అరుగులు ఇంకా మూడు ప్యాలెట్ల ఎత్తే ఉన్నాయి. నాలుగోది రాగానే దిమ్మెలు కొట్టి, చేతులు 75 సెం.మీ. దగ్గరికి వచ్చాయో లేదో మళ్ళీ టేపు పెట్టి చూడాలి.